అరవై ఏడు బట్టలు, ఒక కోటు

"కుట్టను" అన్నాడు అతను.

అందరూ పిచ్చుక అని పిలిచే ఆ అమ్మాయి తన చెవుల్ని తానే నమ్మలేదు. టైలరు షాపుకి వెళ్ళి కోటు కుట్టమంటే మొహం మీదే కుట్టనని చెప్పే మనిషిని ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"ఏమన్నారు?"

"కోటు కుట్టనన్నానండి."

"షాపు మూసేస్తున్నారా?"

"లేదు, ఇప్పుడే తెరిచాం. ఊడవడం కూడా కాలేదు."

"మరి బయట అంత పెద్ద బోర్డు మీద 'కోట్లు కుట్టబడును' అని ఎందుకు రాశారు? అందానికా?"

"దాని కింద చిన్న అక్షరాలున్నాయి. అవి చదివారా?"

పిచ్చుక విసవిసా బయటికి వెళ్ళింది. మెడ ఎత్తి చదివింది. అంతే విసురుగా లోపలికి వచ్చింది. కొత్తది కావలసినవారు దానితో కలిపి వేసుకోదగిన తమ పాత బట్టలు మూడు తెచ్చి చూపించాలని రాసి ఉంది.

"ఇదేం రూలండీ? ఎవరు పెట్టారు?"

"నేనే" అంది కిటికీ పక్క కుర్చీలోంచి ఒక గొంతు.

అక్కడ ఒక ముసలావిడ కూర్చుని ఉంది. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. ఒళ్ళో ఎవరిదో పాత చొక్కా, వేళ్ళ మధ్య సూది. షాపు ఆవిడది. కుట్టనన్న కుర్రాడు ఆవిడ మనవడు.

"కోపం తెచ్చుకోకమ్మాయ్" అంది ఆవిడ. "నేను కుట్టే కోటు మీ ఇంట్లో ఉన్న బట్టలతో కలిసిమెలిసి తిరగాలి. అలాగైతే పదేళ్ళు వేసుకుంటావు. లేకపోతే రెండుసార్లు వేసుకుని బీరువాలో కుక్కుతావు."

"నాకు బట్టలకేం తక్కువండీ? అరవై ఏడున్నాయి!"

మనవడి చేతిలోని సుద్దముక్క కింద పడింది. "అరవై ఏడా? మరి ఈ కోటెందుకు?"

"వేసుకోవడానికి ఒక్కటీ లేక!"

అనేశాక గానీ ఆ మాట ఎంత వింతగా ఉందో ఆమెకి తెలియలేదు. ముసలావిడ పకపకా నవ్వింది. మనవడు మర్యాదగా గుండీల డబ్బా వైపు తిరిగాడు గానీ అతని భుజాలు ఆగకుండా కదులుతున్నాయి.

"నవ్వండి, నవ్వండి. వచ్చే బుధవారం కాక ఆపై బుధవారం లైబ్రరీలో నాకు పరీక్ష. పిల్లలకి కథలు చదివి వినిపించే ఉద్యోగం. పెద్ద లైబ్రేరియన్ గారి ముందు పిల్లల్ని కూర్చోబెట్టి ఒక కథ చదివి చూపించాలి. అప్పుడు నా మీద కాస్త పద్ధతైన కోటు ఉండాలా వద్దా?"

"ఉండాలి" అన్నాడు అతను, ఇటు తిరిగి. కళ్ళల్లో ఇంకా నవ్వు నిలిచే ఉంది. "అందుకే మూడు పాతవి తెమ్మంటున్నాం. కొలతలు కూడా వాటి నుంచే తీస్తాం."

"ఎందుకు? టేపు లేదా?"

"టేపు పెడితే చాలు, అందరూ ఊపిరి బిగబట్టి కొయ్యబొమ్మల్లా నిలబడతారు" అంది ముసలావిడ. "రోజూ తొడుక్కునే చొక్కా అయితే అబద్ధం చెప్పదు."

"సరే, రేపు తెస్తాను కత్తెరగారూ!" అంది పిచ్చుక వెటకారంగా.

అతని మొహంలో నవ్వు చటుక్కున మాయమైంది. గోడకి కొట్టిన మేకు వైపు చూశాడు. దానికి నల్ల పిడుల పెద్ద కత్తెర వేలాడుతోంది.

"ఆ పేరు ఇంకా నాది కాదండి. కత్తెర అమ్మమ్మది. నేను ప్రస్తుతానికి కాజాలు, గుండీల దాకానే."

"అయితే గుండీలుగారూ, రేపు కలుద్దాం."

"తప్పకుండా రండి, అరవై ఏడుగారూ."

వీధి మలుపు తిరిగేదాకా ఆమెకి ఒళ్ళు మండుతూనే ఉంది. మలుపు తిరిగాక మాత్రం తను నవ్వుతున్నట్టు ఒక దుకాణం అద్దంలో కనిపించింది.

* * *

ఇంటికి రాగానే పిచ్చుక తన బీరువా ఖాళీ చేసి అన్నీ మంచం మీద పోసింది. మెరుపుల టాపు, చిలకపచ్చ గౌను, సగం ధరకి వస్తోందని కొన్న గళ్ళ ప్యాంటు, ఒక్క ఉతుక్కే పక్కకి తిరిగిపోయిన పసుపు చొక్కా. ఏ రెండింటినీ పక్కపక్కన పెట్టినా పడని చుట్టాల్లా చెరో వైపు చూస్తున్నాయి. గంటసేపు తిప్పి తిప్పి చూసింది. మూడు కాదు కదా, ఒక జతైనా కుదరలేదు. ఆ గుట్ట అడుగున ఐదేళ్ళ నాటి నీలం చొక్కా ఒకటి దొరికింది గానీ, మోచేతుల దగ్గర పలచబడిపోయిన దాన్ని ఎవరికి చూపిస్తుంది?

అదే గదిలో రెండో బీరువా అక్కది. అక్క ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పుతుంది. మనిషి పొడగరి, భుజాలు తలుపంత వెడల్పు. చెల్లెలు సన్నగా ఉండి రోజంతా కిచకిచలాడుతుందని పిచ్చుక అని పేరు పెట్టింది అక్కే. అక్క బీరువాలో ఉన్నవి తొమ్మిదే బట్టలు. తెలుపు, బూడిద రంగు, ముదురు నీలం. చీకట్లో చెయ్యి పెట్టి ఏ రెండు తీసినా జత కుదురుతాయి.

అక్క సాయంత్రం దాకా రాదు.

పిచ్చుక చెయ్యి మెల్లగా ఆ బీరువా వైపు వెళ్ళింది. తెల్ల చొక్కా, నీలం జాకెట్టు, బూడిద ప్యాంటు. 'చూపించి తెచ్చేస్తా, అంతే కదా' అనుకుంది.

* * *

మర్నాడు కుండపోత వాన. బట్టల సంచి తడవకుండా గుండెకి హత్తుకుని, వానకోటు ఉన్నా తాను మాత్రం నిలువునా తడిసి షాపులోకి పరుగెత్తుకొచ్చింది పిచ్చుక. అతను గబుక్కున ఒక తువ్వాలు అందించి, ఆమె తల తుడుచుకుంటుంటే సంచి విప్పాడు.

ఒక్కొక్కటీ తీసి, తిరగేసి, మళ్ళీ తిరగేసి చూశాడు.

"ఏమైంది? బాగాలేవా?"

"అరవై ఏడుగారూ, మీరు నన్ను ఆటపట్టించారు!" అతని గొంతులో సంబరం పొంగుతోంది. "ఇలాంటివి పెట్టుకుని వేసుకోవడానికి ఏం లేవంటారా? ఇటు రండి."

తెల్ల చొక్కా కిటికీ వెలుగుకి ఎత్తి పట్టాడు. "వెలుగు ఎలా వస్తోందో చూడండి. అన్నిచోట్లా ఒకేలా ఉందా? నేత చిక్కగా ఉందన్నమాట. ఇప్పుడు ఈ కుట్టు రెండు వేళ్ళతో పట్టి లాగండి. లాగండి, ఏం కాదు. నోరు తెరిచిందా?"

"లేదు."

"లోపల మడత వదిలారు చూశారా? రేపు ఒళ్ళు వచ్చినా విప్పి వదులు చేసుకోవచ్చు. కొనేవాళ్ళు రంగు చూస్తారు గానీ బట్ట తిరగేసి ఎవరూ చూడరు. మీరు చూశారు!"

పొగిడిందంతా అక్కని. ఎర్రబడింది మాత్రం పిచ్చుక మొహం. చెప్పేద్దామని నోరు తెరిచింది. కానీ ఇంత సంతోషంగా తన వంక ఎవరైనా చూసి చాలా కాలమైంది. తెరిచిన నోరు మళ్ళీ మూసుకుంది.

అతను జాకెట్టు బల్ల మీద పరిచి, సుద్దతో గుర్తులు పెట్టి ఆగాడు. "భుజాలు కాస్త పెద్దవిగా ఉన్నట్టున్నాయే?"

ఆమె ఒంటి మీద బుడగలా ఉబ్బిన వానకోటు ఇంకా అలాగే ఉంది.

"వదులుగా ఉంటేనే నాకు ఇష్టం! చిన్నప్పట్నుంచీ అంతే!"

కిటికీ దగ్గర ముసలావిడ ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ సూదిలోకి దారం ఎక్కించుకుంది. తర్వాత లేచి మేకుకున్న కత్తెర తీసి మనవడి చేతిలో పెట్టింది. బూడిద రంగు ఉన్ని గుడ్డ మీద కత్తెర కర్రుకర్రుమని నడిచింది. వాన చప్పుడులో ఆ చప్పుడు కలిసిపోయింది. అతని చెయ్యి ఒక్కచోట కూడా తడబడలేదు.

కత్తిరింపంతా అయ్యాక నుదురు తుడుచుకుని, గుసగుసగా అన్నాడు. "నేనొక్కణ్ణే కత్తిరించిన మొదటి కోటు ఇదేనండి. ఇది తొడిగాక ఒక్క కుట్టు కూడా మార్చాల్సిన పని లేకపోతే అమ్మమ్మ ఆ కత్తెర నాకిచ్చేస్తానంది. తప్పితే ఇంకో ఏడాది కాజాలే. ఇప్పటికే నాలుగేళ్ళయింది."

పిచ్చుక బల్ల వైపు చూసింది. బల్ల మీద బూడిద రంగు ముక్కలు అక్క భుజాలంత వెడల్పుగా పడి ఉన్నాయి.

"బాగా కుదురుతుంది లెండి" అంది, వానకోటు దగ్గరికి లాక్కుంటూ.

* * *

ఆ తర్వాత పన్నెండు రోజులూ ఆమె షాపుకి వెళుతూనే ఉంది. రోజుకో సంచీడు బట్టలు, రోజుకో సాకు.

"ఈ మెరుపుల టాపు ఏం చెయ్యమంటారు?"

"ఎన్నిసార్లు వేసుకున్నారు?"

"ఒకసారి. దురద పెట్టింది."

"దీన్ని కొన్నప్పుడు ఎవరు పక్కన ఉన్నారు?"

"అక్క. వద్దంది."

"మీ అక్కగారిని ఒకసారి చూడాలండి."

పిచ్చుకకి పొలమారింది.

పనికొచ్చేవి బాగు చేశాడు. తిరగేసి కుట్టాడు. పొడుగు తగ్గించాడు. ఆమెకి సరిపోనివి పక్కింటి పిల్లలకి పంపించారు. చిరిగిన వాటి గుండీలు కోసి డబ్బాలో వేసుకున్నాడు. ప్రతి బట్టకీ అతనిది ఒకటే ప్రశ్న: "ఇది ఇంకో మూడింటితో మాట్లాడుతుందా?" అంగళ్ళ ముందు నుంచి నడుస్తున్నప్పుడు కూడా పిచ్చుకకి అదే గుర్తొచ్చేది. ఒకరోజు అద్దాల వెనక ఎర్రటి గౌను చూసి ఆగి, కుట్టు తిరగేసి చూసి, "ఊహూ, ఇది దేనితోనూ మాట్లాడదు" అని వచ్చేసింది. అది చెబితే అతను సంతోషం పట్టలేక స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

ఒకరోజు సంచి అడుగున నీలం చొక్కా బయటపడింది.

"దీన్ని ఎందుకు దాచారు?"

"వెలిసిపోయింది కదండీ."

"మరి ఎందుకు పారెయ్యలేదు?"

ఆమె కాస్త ఆలోచించింది. "అది వేసుకుంటే ఒంటి మీద ఏముందో గుర్తుండదు. పుస్తకం చదువుకుంటూ కూర్చుంటే పొద్దు తెలీదు."

అతను ఆ చొక్కా మోచేతులు రెండు చేతులతో సాపు చేసి, చాలా నెమ్మదిగా అన్నాడు. "మీ అరవై ఏడులో మొట్టమొదట తేవాల్సింది ఇదండీ."

మర్నాటికి ఆ మోచేతుల మీద ముదురు నీలం ఉన్ని అతుకులు అందంగా కుదురుకున్నాయి. ఆ రాత్రి పిచ్చుక తలగడ కింద పెట్టుకుని పడుకున్నది ఆ చొక్కానే.

రోజూ చెబుదామనుకునేది. రోజూ అతను కోటుకి ఇంకో కుట్టు వేస్తూ కనిపించేవాడు. ఆమె సంచిలోంచి ఇంకో బట్ట బయటికి తీసేది.

* * *

మంగళవారం సాయంత్రం కోటు తయారైంది. అతను దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఆమె వెనక నిలబడ్డాడు. ఆమె చేతులు దూర్చింది. అద్దంలో చూసుకుంది.

కోటు చాలా బాగుంది. దాని లోపల మాత్రం పిచ్చుక ఎక్కడో ఉంది. భుజం కుట్టు మోచేతి వైపు దిగిపోయింది. వేళ్ళు బయటికి రాలేదు. చిలక్కొయ్యకి తగిలించినట్టు ఉంది.

అతని మొహం పాలిపోయింది. భుజం పట్టుకు చూశాడు. వీపు చూశాడు. "వదులంటే... ఇంత కాదు. నాదే తప్పు. ఎక్కడో లెక్క పోయింది. రేపు పొద్దునకి విప్పి..."

"భుజం దగ్గర విప్పి తగ్గించేది కాదురా అది" అంది ముసలావిడ. లేచి వచ్చి బల్ల మీది కత్తెర తీసుకుంది. ఏమీ తిట్టలేదు. తీసుకెళ్ళి మేకుకి తగిలించింది. ఆ టక్‌మన్న చిన్న చప్పుడు పిచ్చుకకి చెంపదెబ్బలా వినిపించింది.

"అది కాదండీ..." అంది.

"మీరేం బాధపడకండి" అన్నాడు అతను, నవ్వడానికి ప్రయత్నిస్తూ. "రేపు మీ పరీక్ష. అది చెడకూడదు. నా చెయ్యే ఇంకా కుదురుకోలేదు."

పిచ్చుక ఇంకొక్క క్షణం అక్కడ ఉంటే ఏడ్చేసేది. కోటుతోనే వీధిలోకి పరుగెత్తింది.

* * *

"ఆగు. ఎవరి కోటే అది?" అంది అక్క, తలుపు తీస్తూనే.

పిచ్చుక గుమ్మంలోనే కూర్చుని ఏడుస్తూ మొత్తం చెప్పేసింది. తెల్ల చొక్కా, వాన, వదులు, కత్తెర, మేకు. అక్క నడుం మీద చేతులు పెట్టుకుని విన్నది.

"అంటే నా బట్టలు మోసుకెళ్ళి నీవని చెప్పావు. ఆ రోజు నా జాకెట్టుకి సుద్ద ఎలా అంటిందా అని ఇల్లంతా వెతికానే!"

"తిట్టక్కా. ఎంత కావాలంటే అంత తిట్టు."

"తర్వాత తిడతా. ముందు అది విప్పు."

అక్క కోటు తొడుక్కుంది. ఒక చెయ్యి, రెండో చెయ్యి. గుండీ పెట్టుకుంది. ఈత కొడుతున్నట్టు చేతులు ముందుకి చాచింది, పైకెత్తింది. భుజం కుట్టు సరిగ్గా భుజం మీద ఉంది. చెయ్యి పొడుగు మణికట్టు దగ్గర ఆగింది. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు.

అక్కా చెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అక్కా!" పిచ్చుక ఎగిరి నిలబడింది. "అక్కా, ఒక్క కుట్టు కూడా మార్చక్కర్లేదు!"

* * *

బుధవారం తొమ్మిదింటికి షాపు తలుపు తీసేసరికి గుమ్మం ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు. పొడుగావిడ కోటులో, పొట్టిది నీలం చొక్కాలో.

పిచ్చుక రాత్రంతా వల్లె వేసుకున్న మాటలన్నీ మర్చిపోయి, ఒక్క గుక్కలో అనేసింది. "ఆ మూడూ నావి కావు, మా అక్కవి. నాకు చూపించడానికి ఏం లేక అబద్ధం చెప్పాను. మీ లెక్క ఎక్కడా పోలేదు. మీ చెయ్యి తప్పలేదు. తప్పింది నేను. అమ్మమ్మగారూ, చూడండి, ఎవరి బట్టలిచ్చి కొలత తీయించానో వాళ్ళకి కోటు ఎలా కుదిరిందో చూడండి!"

ముసలావిడ కళ్ళజోడు పైకి నెట్టుకుని అక్క చుట్టూ ఒకసారి తిరిగింది. భుజం తట్టింది. చంక దగ్గర వేలు పెట్టి చూసింది. కాలరు ఎత్తి వదిలింది.

"చెయ్యి ఎత్తమ్మా. ఊఁ. దించు." తర్వాత ఆవిడ పెదవి మూల నుంచి నవ్వు మొదలైంది. "ఆ చొక్కా కాలరు దగ్గర ఈతకొలను మందు వాసన కొట్టినప్పుడే అనుకున్నా. ఈ పిల్లేమో వానలో తడిస్తేనే గజగజలాడుతోంది."

"నీకు తెలుసా అమ్మమ్మా?" అన్నాడు మనవడు నోరు తెరిచి.

"అనుమానం వచ్చింది. ఎవరు ముందు నోరు విప్పుతారా అని చూశా. సరే, ఈ పిల్ల అబద్ధం చెప్పింది, ఒప్పుకుంది. నువ్వు చెప్పరా. పన్నెండు రోజులు మనిషి ఎదురుగానే ఉందే! ఆ భుజాలకి ఈ భుజాలకి తేడా కనపడలేదా? నీ కళ్ళు ఎక్కడున్నాయి?"

అతను గుండీల డబ్బా వంక చూశాడు. నేల వంక చూశాడు. చివరికి పిచ్చుక వంక చూశాడు.

"మొహం మీద ఉన్నాయి అమ్మమ్మా. భుజాల దాకా రాలేదు."

అక్క కిసుక్కున నవ్వింది. పిచ్చుకకి మాత్రం షాపులోని మిషన్లన్నీ ఒక్కసారిగా తిరగడం మొదలుపెట్టినట్టు చెవులు గింగురుమన్నాయి. ముసలావిడ మేకు దగ్గరికి వెళ్ళి, కత్తెర తీసి, కొంగుతో ఒకసారి తుడిచి మనవడి అరచేతిలో పెట్టింది.

"మాటంటే మాటే. ఒక్క కుట్టు మార్చక్కర్లేదు కదా. ఇంక నీదే."

అతను కత్తెర పట్టుకుని కదలకుండా నిలబడిపోయాడు. నాలుగేళ్ళు ఎదురు చూసిన బరువు కదా!

"ఈ కోటు నాది" అంది అక్క. "నా బట్టలు దొంగిలించినందుకు శిక్ష. ఇది నా పదోది. పొద్దున్నే కొలనుకి వెళ్ళేటప్పుడు ఇలాంటిది లేక వణుకుతున్నా. ఒసేయ్ పిచ్చుకా, పదింబావుకి నీ పరీక్ష! లైబ్రరీ!"

"కోటు లేకుండానే?" అన్నాడు అతను కంగారుగా.

పిచ్చుక మోచేతి అతుకులు తడుముకుంది. "నా ఒంటి మీద ఏముందో ఇవాళ నాకు గుర్తుండకూడదు. దీన్ని మించింది లేదు."

* * *

సాయంత్రం ఆమె షాపు మెట్లు రెండేసి ఎక్కింది.

"వచ్చేసింది! ఉద్యోగం వచ్చేసింది! కథ మధ్యలో ఒక బుడ్డది లేచి, 'నీ చొక్కాకి ఆ నీలం ముక్కలేంటి?' అందండీ. పుస్తకం మూసేసి ఈ అతుకుల కథ చెప్పాను. ఒక చొక్కా చిరిగి, అందరూ పారేద్దామంటే, ఒకతను కాదని... పెద్ద లైబ్రేరియన్ గారు కూడా చివరిదాకా కదల్లేదు!"

"ఆ ఒకతను చివరికి ఏమయ్యాడు?"

"తెలీదు. అక్కడిదాకా చెప్పి, మిగతాది వచ్చేవారం అన్నాను."

కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. అమ్మమ్మ అక్కని వెంటబెట్టుకుని ఈతకొలను చూడ్డానికి వెళ్ళిందట. బయట చినుకులు మొదలయ్యాయి.

"ఇప్పుడు మీ కోటు సంగతి" అన్నాడు అతను, గొంతు సవరించుకుని. "మూడు పాతవి చూపించాలి."

"నా దగ్గర పనికొచ్చేది ఒంటి మీదున్న ఇదొక్కటే. మిగతా రెండూ మెల్లగా, ఒక్కొక్కటే చూసి కొనుక్కుంటాను. తిరగేసి, లాగి, వెలుగుకి పట్టి. కాస్త టైం పడుతుంది. మీరు కూడా వస్తారా?"

"ఎన్నాళ్ళు పట్టినా వస్తా." అతను బల్ల సొరుగు లాగి, అడుగున ఎప్పుడూ వాడని టేపు బయటికి తీశాడు. "అప్పటిదాకా కొలతైనా రాసి పెట్టుకుంటాను. ఈసారి మనిషిదే."

ఆమె వెనక్కి తిరిగి నిలబడింది. టేపు ఒక భుజం నుంచి రెండో భుజానికి మెల్లగా నడిచింది. బయట వాన, లోపల గడియారం తప్ప ఏ చప్పుడూ లేదు.

"ఊపిరి బిగబట్టకండి" అన్నాడు అతను. "కొలత తప్పుతుంది."

పిచ్చుక అద్దంలో అతని వంక చూసింది.

"ముందు మీరు వదలండి, కత్తెరగారూ."